డ్రమ్ములో అచ్చనగండ్లు

రాళ్ల డ్రమ్ము ఒకసారి తిరగడం మొదలైతే ఇంట్లో ఒక మనిషి ఉండాల్సిందే. మా ఇంట్లో ఆ మనిషిని నేను.

కొత్తపేటలో ఐలమ్మక్క వాళ్ల ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం, నేనూ నా కొడుకు జనార్ధనూ. ఒక గది, చిన్న వంటిల్లు, ముందు రేకుల వరండా. వరండా సగం డ్రమ్ముకే పోయింది. పెద్ద బిందెంత ఇనుప డ్రమ్ముకు లోపల లారీ ట్యూబు రబ్బరు అంటించి, రెండు రోలర్ల మీద పడుకోబెట్టి, మోటారుకు బెల్టు తగిలించాడు జనార్ధన్. అందులో గులకరాళ్లు, నీళ్లు, గరుకు పొడి వేసి మూత బిగిస్తే రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. రాయికి రాయి రాసుకుని మూలలు అరుగుతాయి. తర్వాత అంతా కడిగి సన్నపొడి వేయాలి, మళ్లీ కడిగి ఇంకా సన్నది, ఆఖరికి మెరుగు పొడి. అప్పుడు నీళ్లలోంచి తీసినప్పుడు తడి ఆరకముందు ఎలా ఉంటాయో అలాగే ఎప్పటికీ మెరిసే రాళ్లు బయటికొస్తాయి. వాటిని జనార్ధన్ చార్మినార్ దగ్గర ఉంగరాల దుకాణాలకు ఇచ్చేవాడు.

కరెంటు పోతే డ్రమ్ము ఆగుతుంది. ఆగితే లోపలి బురద అడుగుకు దిగి సిమెంటులా గడ్డకట్టి రాళ్లను పట్టేసుకుంటుంది. అందుకని కరెంటు వచ్చేదాకా చేత్తో తిప్పుతూ కూర్చోవాలి. ఆ ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోయేదో ఎవరికీ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని మనవరాలికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారని కబురొస్తే, బస్సులో రెండు స్టాపుల దూరమే అయినా పోలేకపోయాను. స్నానానికి పోయినా చెవి డ్రమ్ము మీదే. ఆ చప్పుడు ఆగితే గుండె ఆగినట్టుండేది. ఆగకపోతే, ఇంక ఎన్నాళ్లు అనిపించేది.

ఒకరోజు ఐలమ్మక్క కొంగులో ఏదో మూట కట్టుకుని వచ్చింది. అటూ ఇటూ చూసి, జనార్ధన్ ముందు కొంగు విప్పింది. ఐదు తెల్లటి పలుగురాళ్లు. రేగుపండ్లంత ఉన్నాయి. ఆడీ ఆడీ రంగు మాసి, అంచులు పెచ్చులూడి ఉన్నాయి.

"జనార్ధనూ, గీటిని జర నీ మిషన్ల ఎయ్యవా బిడ్డా?"

"ఏంది పెద్దమ్మా ఇవి?"

"అచ్చనగండ్లు. మా బాయి తవ్వినప్పుడు ఎల్లిన పలుగులు. నేను, శివమ్మ ఒక్క పందిట్లనే పెండ్లయి వచ్చినం గీ ఇంటికి. ఇద్దరం ఇంక పొట్టి పోరగాండ్లమే. మా అత్త పండుకుంటె బాయికాడ కూసోని ఆడేటోళ్లం. ఒకటి పైకేసి, అది పడేలోపల కిందివి ఏరుకోవాలె. ఇగో, ఇది బోడిది. ఇది పన్నూడింది. ఇది మా అత్త."

"అత్తనా?" అన్నాను నేను.

"ఎట్ల ఏసినా ఏలి మీదనే వచ్చి పడతది. అందుకే అత్త."

జనార్ధన్ నవ్వాడు గాని నేను నవ్వలేదు. ఆ రాళ్లు ఎందుకో నాకు తెలుసు. శివమ్మ ఐలమ్మక్కకు తోటికోడలు. ఐలమ్మక్క భర్త ఎల్లయ్య, ఆయన తమ్ముడు మట్టయ్య ఎల్బీ నగర్ దిక్కున్న చేన్లన్నీ ప్లాట్లు చేసి అమ్మేశారు. ఆఖరికి బావి ఎవరి భాగంలోకి రావాలని కొట్లాట. కొట్లాడీ కొట్లాడీ ఇద్దరూ కలిసి ఆ బావినే పూడ్చి ప్లాటు చేసి అమ్మారు. కోపం మాత్రం పూడలేదు. వాకిట్లో గోడ కట్టారు. గోడకు అటుపక్క శివమ్మ, ఇటుపక్క ఐలమ్మక్క. "ఆ దిక్కు ఒక్క మాట పోయినా నా శవాన్ని చూస్తవు" అని ఎల్లయ్య ఒట్టు పెట్టాడు. ఇప్పుడు మట్టయ్య సాగర్ కాలువ కింద, మిర్యాలగూడ దిక్కు పొలం కొన్నాడు. ఇల్లు ఖాళీ చేసి పోతున్నారు.

"మంచిగ మెరిపిచ్చి ఇయ్యి బిడ్డా. పొయ్యేటప్పుడు దాని చేతుల పెడత. ఇట్ల మాసినయి ఏమియ్యను? ఒక్కటి గూడ పలగొద్దు. ఐదుకు ఐదు కావాలె, లేకుంటె ఆట కాదు."

జనార్ధన్ రాళ్లను ఒక్కొక్కటే తీసి, తడిపి, ఎండకు పట్టి చూశాడు. ఒకదానికి ఒకటి తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"గీత ఉన్న రాయి అయితే లోపలనే రెండు ముక్కలయి, ఆ ముక్క మిగిలినవాటినన్నిటిని గీకి పెడతది పెద్దమ్మా. ఇవి గట్టిగనే ఉన్నయి. కాని ఐదు రాళ్లతోని డ్రమ్ము నడవది. సగం మీదికి నిండాలె. ఖాళీ ఉంటే రాళ్లు పైనుంచి దబదబ పడి దెబ్బ తింటయి."

"మరి నింపియ్యి. నీ తాన ఎర్రయి, నల్లయి బొచ్చెడున్నయి గద."

"అవి ఎయ్యొద్దు. గట్టి రాయి పక్కన మెత్త రాయి పడితే మెత్తది పిండయితది. పలుగుతోని పలుగే ఎయ్యాలె, గిదే సైజుది."

అల్మాస్‌గూడలో అప్పుడు కాలనీలు లేస్తున్నాయి. పునాది తవ్విన చోటల్లా పలుగురాళ్లే. జనార్ధన్ సైకిల్ మీద పోయి రెండు గంపల పలుగు తెచ్చాడు. ఐదూ సుతారంగా వాటి మధ్యన పెట్టి మూత బిగించాడు.

ఆ రోజు నుంచి ఐలమ్మక్క దినం తప్పకుండా వచ్చేది. వచ్చి డ్రమ్ముకు చెవి ఆనించి కూర్చునేది.

"మా అత్త ఏమంటున్నది లోపల?"

"ఇప్పటికైతే గొణుగుతున్నది" అనేదాన్ని.

"చచ్చినా నోరు మూయదు."

మా వరండా పక్కనే ఆ గోడ. అవతల శివమ్మ గిన్నెలు తోముతుంటే చప్పుడు వినిపించేది. ఐలమ్మక్క ఊరికే దగ్గేది. గిన్నెల చప్పుడు ఆగేది. కాసేపటికి అవతల నుంచి దగ్గు. అంతే. మళ్లీ గిన్నెలు. ఐలమ్మక్క ముఖం చూడలేక నేను బెల్టు సర్దుతున్నట్టు వంగేదాన్ని.

మనుషులు పోవడమంటే నాకు మొదటి నుంచీ భయం. మా ఆయన భీవండి మిల్లులో పనికి పోతూ, పోచంపల్లి బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యే చివరిది. మా అక్కను అత్తగారింటికి సాగనంపి వచ్చిన ఏడే ఆమె కానుపులో పోయింది. అప్పటి నుంచి ఎవరు బయలుదేరినా నేను గడప దాటి రాను. జనార్ధన్ ఊరికి పోతున్నా సరే, లోపల ఏదో పని పెట్టుకుని, వాడు సందు మలుపు తిరిగాకే బయటికొచ్చేదాన్ని.

మెరుగు పొడి వేసే వంతు వచ్చింది. జనార్ధన్ డ్రమ్మునూ మూతనూ రాళ్లనూ పళ్లపొడితో పళ్లు తోమినంత శ్రద్ధగా కడిగాడు. పాత గరుకు రేణువు ఒక్కటి మిగిలినా అన్ని రాళ్ల మీదా గీతలు పడతాయట. మూత బిగించి, కృష్ణ ఒడ్డుకు కొత్త రాళ్ల కోసం బయలుదేరాడు.

"అమ్మా, చప్పుడు మాత్రం ఇను. బియ్యం కడిగినట్టు రావాలె. కొత్త రాయి ఒక్కటి గూడ ఎయ్యకు, దుమ్ము పోతది లోపలికి. నేను మూడు నాలుగు రోజుల్ల వస్త."

వాడు పోయిన తెల్లారే చప్పుడు మారింది. బియ్యం కడిగినట్టు కాదు. టక్, టక్, టక్. గచ్చు మీద గోలీలు రాలినట్టు. రాళ్లు అరిగీ అరిగీ చిన్నవయ్యాయి. డ్రమ్ములో ఖాళీ పెరిగింది. పైకి పోయినవి జారకుండా దూకుతున్నాయి. ఒక్కో టక్కుకు ఒక్కో అంచు పెచ్చు లేస్తున్నట్టే అనిపించింది. ఆపితే గడ్డకడుతుంది, నడిస్తే పగులుతాయి. కొత్త రాయి వేయడానికి లేదు. జనార్ధన్‌కు కబురు చేయడానికి వాడు ఏ ఒడ్డున ఉన్నాడో తెలియదు. ఐలమ్మక్క చెవి ఆనించి విని, నా వైపు చూసింది.

"ఏందే అంజమ్మా, గట్ల కొట్టుకుంటున్నయి?"

"ఏం లేదక్కా" అన్నాను.

"ఏం లేకుంటె నీ మొఖం గట్లెందుకున్నది? బేస్తారం లారీ వస్తదంట. గోడ అవతల మట్టయ్య ఎవరికో చెప్తుంటె ఇన్న."

ఆమె పోయాక చాలాసేపు డ్రమ్ము ముందే కూర్చున్నాను. రాయి రాయికి తగలాలి, కాని దెబ్బ తగలొద్దు. మధ్యలో మెత్తగా ఏదన్నా ఉండాలి. అప్పుడు మా పుట్టింటి మగ్గం గుర్తొచ్చింది. ఉత్త నూలుపోగు మగ్గం మీద ఒక్క దెబ్బకు తెగుతుంది. అదే పోగుకు గంజి పెట్టి కుంచెతో దువ్వి ఆరబెడితే ఎన్ని దెబ్బలైనా తట్టుకుంటుంది. పడుగుకు గంజి పట్టించడం నా చిన్నప్పటి పని. ఏ పోగుకు ఎంత చిక్కగా ఉండాలో వేళ్లకే తెలుసు.

చిక్కటి గంజి కాచాను. చల్లార్చి, పాత మల్లుగుడ్డలో రెండుసార్లు వడగట్టాను. డ్రమ్ము నిలబెట్టి, మూత చుట్టూ తడిగుడ్డతో తుడిచి, తెరిచి పోశాను. మళ్లీ బిగించి మోటారు వేశాను. టక్కుటక్కు పోయింది. ముందు గొణిగినట్టు, తర్వాత పసిపిల్ల చప్పరించినట్టు మెత్తటి చప్పుడు. ఆ పూట నేను అన్నం బాగా తిన్నాను.

మర్నాడు ఎండ మండిపోయింది. రేకుల కింద వరండా పొయ్యిలా ఉంది. డ్రమ్ము తిరుగుతూ తిరుగుతూ ఒక్కోసారి రోలరు మీద ఎగిరి పడుతోంది. బెల్టు అనుకున్నాను. కాదు. మూత మధ్యలో రబ్బరు పూరీలా పొంగింది. చేత్తో నొక్కితే నొక్కు పడలేదు.

బేస్తారం పొద్దున లారీ వచ్చింది. పండ్ల మార్కెట్‌కు మామిడికాయలు తెచ్చి ఖాళీగా తిరిగిపోయే లారీ. గోడ అవతల మంచాలు, వడ్ల గుమ్ములు, బీరువా ఎక్కిస్తున్న చప్పుళ్లు. అదే సమయానికి కరెంటు పోయింది. ఐలమ్మక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కిస్తుండ్రే! తియ్యి, తియ్యి!"

నట్లు తిప్పబోతే కదలవు. లోపలి నుంచి మూత తన్నుతోంది. ఇద్దరం పట్టినా కదల్లేదు. మా పక్క పోర్షన్‌లో ఉండే కోటేశ్వరమ్మ, గుంటూరు వైపు ఆమె, మా గోల విని వచ్చింది. డ్రమ్ముకేసి చూసి, ముక్కు మూత దగ్గర పెట్టి వాసన చూసింది.

"ఏం పోశారండీ పిన్నిగారూ ఇందులో?"

"గంజి."

"గంజా! అయ్యో, ఈ ఎండల్లో గంజి పోసి మూత బిగించారా? పులిసిపోయిందండీ. దోసెల పిండి గిన్నెకు మూత గట్టిగా పెడితే ఏమవుతుంది? అదే ఇది. గాలంతా లోపల ఇరుక్కుపోయింది."

"పేలుతదా?" అంది ఐలమ్మక్క.

"పేలితే మనం ముగ్గురం ఉండం గదండీ, అడగడానికి."

"నువ్వు జర మంచి మాట చెప్పమ్మా!"

"తడి గోనెసంచి కప్పి, ఒక్కో నట్టు కొంచెం కొంచెం వదులు చేద్దాం. మొహాలు పక్కకు పెట్టుకోండి."

గోనెసంచి తడిపి కప్పాం. కోటేశ్వరమ్మ పటకారు తెచ్చింది. నేను డ్రమ్మును ఒళ్లో పిల్లను పట్టుకున్నట్టు కావలించుకున్నాను. మొదటి నట్టు సగం తిరిగింది. బుస్సుమంది. రెండోది. మూడో నట్టు దగ్గర మూత సంచితో సహా లేచి రేకులకు తగిలి ధనేల్‌మని కింద పడింది. పుల్లటి తెల్లనురుగు మా ముగ్గురి మీదా చిమ్మింది. కళ్లలో, జుట్టులో, ఐలమ్మక్క పుస్తెల మీద.

"మా అత్త శాపమే ఇది" అంది ఐలమ్మక్క, నురుగు ఊస్తూ.

డ్రమ్మును బేసిన్‌లోకి వంచి, బిందెల కొద్దీ నీళ్లు పోసి కడిగాం. నురుగు పోయింది. నీళ్లు తేటపడ్డాయి. అడుగున రాళ్లు.

అంత అందమైన రాళ్లను జనార్ధన్ కూడా ఎప్పుడూ తీయలేదు. పాలమీగడ ముద్దలు కట్టినట్టు. నేను ఒక్కొక్కటే చేత్తో తడిమాను. పెచ్చు లేదు. గీత లేదు. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. నా ప్రాణం కుదుటపడింది.

"అబ్బ, అంజమ్మా!" అని ఐలమ్మక్క రెండు చేతులూ బేసిన్‌లో ముంచింది. ఒక రాయి తీసింది. చూసింది. పెట్టింది. ఇంకొకటి తీసింది. అటూ ఇటూ తిప్పింది. మళ్లీ ఇంకొకటి. ఆమె చేతులు నీళ్లలో తిరుగుతున్నాయి, ముఖంలో నవ్వు కొద్దికొద్దిగా పోతోంది.

"పన్నూడిందేది?" అంది.

నేను కూడా వెతికాను. కోటేశ్వరమ్మ కూడా. పన్నూడినదానికి ఇప్పుడు పన్ను లోటు లేదు. బోడిదాని బోడితనం అన్నిటికీ వచ్చింది. అన్నీ ఒకే తెలుపు, ఒకే నునుపు, ఇంచుమించు ఒకే సైజు. పగలకుండా ఉండాలని పలుగుతో పలుగే వేశాం, అదే సైజుది ఏరి వేశాం. పెచ్చులు పోవాలని అన్నాళ్లు తిప్పాం. ఆ పెచ్చులతోనే కదా ఆమె వాటిని గుర్తుపట్టేది.

"ఏవో ఐదు ఇచ్చెయ్యండీ, ఆవిడకు మాత్రం ఏం తెలుస్తుంది?" అంది కోటేశ్వరమ్మ మెల్లగా.

"నాకు తెలుస్తది గద."

అవతల లారీ ఇంజను స్టార్టయింది. ఐలమ్మక్క లేచింది. బేసిన్‌లో నీళ్లు ఒంపేసి, ఒక పక్క అంచు తాను పట్టుకుంది.

"ఆ దిక్కు నువ్వు పట్టు."

"నేనా? అక్కా, నేను సాగనంప..."

"పట్టవే!"

పట్టాను. రాళ్ల బేసిన్ బరువుకు ఇద్దరం ఒంగి నడిచాం. వాకిలి గేటు దగ్గర ఎల్లయ్య కుర్చీ వేసుకుని, తమ్ముడు పోతున్న వైపు చూడకుండా కూర్చున్నాడు.

"ఏమే, ఏడికి?"

"రాళ్లు పారబోసెటందుకు."

"ఏం రాళ్లు? గా దిక్కు పోతె నేను పెట్టిన ఒట్టు..."

"యాదికున్నది. నువ్వు గట్ల తిరిగి కూసో. సూడకుంటె ఒట్టు తాకది."

ఎల్లయ్య నిజంగానే కుర్చీ అటు తిప్పుకున్నాడు.

లారీ ముందు క్యాబిన్‌లో కిటికీ పక్కన శివమ్మ కూర్చుంది. ఒళ్లో దేవుడి పటాల మూట. మమ్మల్ని చూసి ఆమె కొంగు కళ్లకు ఒత్తుకుంది. నురుగుతో, తడి చీరలతో మేం ఎలా ఉన్నామో.

"అక్కా..." అంది.

"ఏడిస్తే తర్వాత ఏడువు. గీటిల మన అచ్చనగండ్లున్నయి. నాకు తెలుస్తలేదు. నువ్వు సూడు."

బేసిన్ కిటికీ అంచుకు ఎత్తాం. నా చేతులు లాగేస్తున్నాయి. శివమ్మ వంగి చూసింది.

"అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి గదక్కా. పన్నూడిందేది?"

"పన్ను మొలిచింది దానికి."

శివమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఒక రాయి తీసి కళ్లు మూసుకుంది. పైకి ఎగరేసి మడిచిన పిడికిలి వెనక పట్టుకుంది. "ఇది కాదు" అని బేసిన్‌లో వేసింది. ఇంకొకటి. "ఇది గూడ కాదు, అల్కగున్నది, బరువు లేదు." ఇంకొకటి ఎగరేస్తే అది వచ్చి ఆమె వేలి కణుపు మీద టక్కున పడింది. "స్స్" అని చెయ్యి దులుపుకుని కళ్లు తెరిచింది. "అక్కా, అత్తమ్మ!"

"దాన్ని ఇడువకు!"

అవతలి పక్క తలుపు దగ్గర నిలబడ్డ మట్టయ్య తల వంచుకున్నాడు. "వదినె, డ్రైవరు ఆగుతలేడు. ఎండెక్కితే టైరు..."

"ఆగుమను. గిన్నేండ్ల సంది ఆగలేదా?"

శివమ్మ చేతులు గబగబా ఆడుతున్నాయి. ఎగరేయడం, పట్టడం, కాదు, కాదు. మొత్తం మీద ఇంకో రెండు దొరికాయి. బోడిది అంది ఒకదాన్ని. ఇంకొకదాని పేరు చెప్పలేదు, గట్టిగా పట్టుకుని ఒళ్లో వేసుకుంది. మట్టయ్య ఎక్కాడు, డ్రైవరు గేరు వేశాడు. లారీ కదిలింది. నా చేతుల్లోంచి బేసిన్ జారబోయింది, ఐలమ్మక్క కడుపుకు అదిమి పట్టుకుంది. శివమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగింది.

"ఇంక రెండక్కా! రెండున్నయి అండ్లనే!"

ఐలమ్మక్క బేసిన్ పట్టుకుని లారీ వెంట నాలుగడుగులు వేసింది. దుమ్ము లేచింది. లారీ విజయవాడ రోడ్డెక్కి ఎల్బీ నగర్ వైపు తిరిగింది. కిటికీలోంచి ఒక చెయ్యి ఊగడం నేను చూశాను. చూడొద్దనుకుంటూనే, ఆ చెయ్యి కనపడనంత దూరం పోయేదాకా చూశాను.

ఐలమ్మక్క గోడ ఇవతలి తన ఇంట్లోకి పోలేదు. మా వరండాలోకొచ్చి కూర్చుంది. బేసిన్ ముందు పెట్టుకుంది. ఒక రాయి ఎగరేసింది, పట్టింది, ఇది కాదని ఎడమపక్క పెట్టింది. ఇంకొకటి. వయసు మీదపడ్డ చేతులు, పది ఎగరేస్తే నాలుగు కింద పడుతున్నాయి. ఎల్లయ్య గేటు దగ్గర నుంచే ఒకసారి పిలిచాడు. ఆమె ఇంకో రాయి ఎగరేసింది. ఆయన మళ్లీ పిలవలేదు.

మర్నాడు సాయంత్రం జనార్ధన్ వచ్చాడు. రేకుల మీద ఎండిపోయిన నురుగు మరకలు చూశాడు, సొట్టపడ్డ మూత చూశాడు. అరవబోయి, బేసిన్‌లోంచి ఒక రాయి తీసి చూసి ఆగిపోయాడు.

"అమ్మా, ఒక్క దెబ్బ లేదు గద! ఏం పోసినవు దీంట్ల?"

"తర్వాత చెప్త."

"గిసొంటివి ఇప్పటిదాంక నేను గూడ తియ్యలేదు. రేపు పొద్దున్నే దుకాణానికి ఇస్త."

బేసిన్ మీద నా చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇయ్యొద్దు. అండ్ల పెద్దమ్మయి రెండున్నయి."

"ఏ రెండు?"

"అది తెలిసెదాంక ఇయ్యొద్దు."

వాడు నన్ను, ఐలమ్మక్కను మార్చి మార్చి చూసి, చెప్పులు విప్పి గోడకానుకుని కూర్చున్నాడు. ఐలమ్మక్క తల ఎత్తలేదు. బేసిన్‌లో ఆఖరి రాయి తీసింది. ఎగరేసింది. అది ఆమె అరచేతిలో మెత్తగా వచ్చి పడింది. కాసేపు పిడికిలి మూసుకుని ఉంది. తర్వాత దాన్ని కూడా ఎడమపక్కే పెట్టింది. ఆ కుప్పంతా రెండు చేతులతో తోసి బేసిన్‌లో పోసుకుని, కలియబెట్టి, మళ్లీ మొదటి రాయి తీసింది.